అద్దం చెప్పని అంకె

మొహం చూసి బొట్టు పెట్టడం మనకి కొత్తేమీ కాదు. పెళ్ళిచూపుల దగ్గర్నుంచి ఇల్లు అద్దెకివ్వడం దాకా ముందు మొహం చూస్తాం, తరవాతే మనిషి సంగతి. నవలలు రాసేవాళ్ళ లోకంలో ఇది మరీ ఎక్కువ. దుర్మార్గుడు కథలోకి అడుగు పెట్టాడంటే చాలు, వెడల్పాటి దవడ, మందపాటి పెదవులు, ముందుకు పొడుచుకొచ్చిన నుదురు, బండ గొంతు, చేటల్లాంటి చేతులు! ఇంత రాశాక ఇక వాడి గుణం రాయక్కర్లేదు. తక్కింది పాఠకులే పూరించుకుంటారు.

ఈ వర్ణన అచ్చంగా వొక జబ్బు లక్షణాల జాబితా అంటే నమ్ముతారా? ఆ జబ్బు పేరు ఆక్రోమెగలీ. లక్షమందిలో ఏ కొద్దిమందికో వస్తుంది. నేను డాక్టర్ని కాను, కాలేజీలో చరిత్ర చదువుకున్నదాన్ని. అయినా ఈ జబ్బు కథ నన్ను వదలదు. ఎందుకంటే, డెబ్బై ఎనభై ఏళ్ళపాటు మొహం చూసి పోల్చుకున్న జబ్బుని మనుషులు నెత్తుటి చుక్కలో కొలవడం నేర్చుకున్న కథ ఇది. నేర్పినవాళ్ళలో ముఖ్యురాలు వో ఆడమనిషి. ఆవిడ దగ్గరికి నెమ్మదిగా వద్దాం.

1886వ సంవత్సరం. పారిస్‌లో సాల్పెట్రియేర్ ఆస్పత్రి. నరాల జబ్బులకి ఆ రోజుల్లో పెద్దదిక్కు షార్కో అనే మహావైద్యుడు. ఆయన శిష్యుడు పియేర్ మారీ ఇద్దరు స్త్రీలని పరీక్షించి, వాళ్ళ చేతులూ పాదాలూ మొహమూ వొకే తీరున పెద్దవైపోయాయని గమనించాడు. పుట్టుకతో వచ్చిన రూపం కాదది. పెద్దయ్యాక, నడివయసు నాటికి, కొంచెం కొంచెంగా వచ్చిన మార్పు. గ్రీకు భాషలో ఆక్రోస్ అంటే కొన, మెగాస్ అంటే పెద్ద. శరీరం కొనలన్నీ పెద్దవయ్యే జబ్బు గనక ఆక్రోమెగలీ అని పేరు పెట్టాడు. అంతకు ముందు కూడా ఇటువంటి రోగుల్ని చూసి రాసిన డాక్టర్లున్నారు గానీ, ఇది విడిగా వొక జబ్బు అని చెప్పి నామకరణం చేసినవాడు ఈయనే.

పేరైతే పెట్టాడు, కారణం తెలీదు. మరుసటి ఏడే మింకోవ్‌స్కీ అనే వైద్యుడు, ఈ రోగుల తలలో పిట్యూటరీ గ్రంథి పెద్దదై వుంటోందని ఎత్తి చూపాడు. ఈ గ్రంథి మెదడు కింద, ముక్కు వెనక, ఎముకలో చిన్న గుంటలో కూచుంటుంది. ఆ గుంట గుర్రపు జీనులా వుంటుందని దానికి టర్కీ జీను అని పేరు. గ్రంథి పరిమాణం బఠాణీ గింజంత. పెత్తనం మాత్రం ఇంట్లో అత్తగారంత! దాన్లో చిన్న కంతి పుట్టి, పెరుగుదల హార్మోనుని అడ్డూ ఆపూ లేకుండా తయారు చేస్తుంది. పొడవు పెరిగే ఎముకల కొనలు ఇంకా మూసుకోని పసివాళ్ళలో ఇది మొదలైతే మనిషి తాటిచెట్టులా పెరిగిపోతాడు. పెద్దవాళ్ళలో మొదలైతే ఎత్తు పెరగదు. చేతులు, పాదాలు, దవడ, ముక్కు, నాలుక పెరుగుతాయి. కంటికి కనబడని గుండె కూడా పెరుగుతుంది. షుగరూ బ్లడ్ ప్రెషరూ వచ్చి కూచుంటాయి. కీళ్ళు నొప్పులు, తలనొప్పి, వొళ్ళంతా చెమట. గొంతు బొంగురుపోతుంది. ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోవచ్చు.

ఇదంతా రాత్రికి రాత్రి జరగదు. ఏళ్ళు పడుతుంది. అందుకే రోజూ చూసేవాళ్ళకి తెలీదు. వుంగరం బిగుతవుతుంది, వొళ్ళు చేశానేమో అనుకుంటుంది ఆవిడ. గాజుల కొలత పెరుగుతుంది. చెప్పుల నంబరు పెరుగుతుంది. పదేళ్ళ తరవాత వచ్చిన చుట్టం గుమ్మంలో నిలబడి, “ఎవరమ్మా నువ్వు?” అంటే అప్పుడు తెలుస్తుంది. ఈ జబ్బు అనుమానం వస్తే డాక్టర్లు పాత ఫోటోలు తెమ్మని అడుగుతారు. పెళ్ళినాటి ఫోటో పక్కన ఇవాళ్టి మొహం పెట్టి చూస్తారన్నమాట.

మరి అలా మొహం మారిపోయిన మనిషిని లోకం ఏం చేసింది? చరిత్రలో ఈ పేజీ తిప్పడానికి కాస్త గుండె నిబ్బరం కావాలి.

పద్దెనిమిదో శతాబ్దంలో ఐర్లండ్‌లో చార్లెస్ బర్న్ అనే కుర్రాడుండేవాడు. ఏడున్నర అడుగుల పైచిలుకు పొడుగు. పసితనంలోనే మొదలైన ఇదే జబ్బు. లండన్‌లో డబ్బులిచ్చి అతన్ని చూసిపోయేవారు జనం. 1783లో ఇరవై రెండేళ్ళకే పోయాడు. పోయే ముందు వొకటే కోరుకున్నాడు, తన శవాన్ని సముద్రంలో కలిపెయ్యమని. డాక్టర్లు తన ఎముకల కోసం కాచుకు కూచున్నారని అతనికి తెలుసు. అతను భయపడ్డట్టే అయింది. జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు శవాన్ని సంపాదించి, అస్థిపంజరాన్ని తన మ్యూజియంలో నిలబెట్టాడు. 1909లో అమెరికా నుంచి వచ్చిన హార్వీ కుషింగ్ ఆ పుర్రెను తెరిపించి చూస్తే, పిట్యూటరీ కూచునే గుంట బాగా పెద్దదై కనిపించింది. 2011లో అతని పంటి నుంచి తీసిన జన్యువులో దోషం కూడా కనిపెట్టారు. అదే దోషం ఉత్తర ఐర్లండ్‌లో ఇవాళ్టి కొన్ని కుటుంబాల్లోనూ వుంది. ఆ మ్యూజియం 2023లో మళ్ళీ తలుపులు తెరిచినప్పుడు అస్థిపంజరాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. రెండువందల ఏళ్ళకి పైగా పట్టింది, చూసింది చాలు అనుకోవడానికి.

ఇంకొకావిడ మేరీ ఆన్ బెవన్. 1874లో లండన్‌లో పుట్టింది. నర్సుగా పనిచేసేది. పెళ్ళయింది, నలుగురు పిల్లలు పుట్టారు. ఆ తరవాత మొహం మారడం మొదలైంది. 1914లో భర్త పోయాడు. నలుగురు పిల్లలు, మారిపోయిన మొహం, చేతిలో పైసా లేదు. “లోకంలో కెల్లా కురూపి స్త్రీ” కోసం పోటీ పెడితే వెళ్ళి నెగ్గింది పాపం! నెగ్గింది అనే మాటకి ఇంత చేదు అర్థం వుందని నాకు అంతకు ముందు తెలీదు. తరవాత అమెరికా వెళ్ళి, న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో జనం ముందు కూచుని డబ్బు సంపాదించి పిల్లల్ని పోషించింది. 1933లో పోయింది. ఆవిడ పోయిన డెబ్బై ఏళ్ళకి కూడా వో కార్డుల కంపెనీ ఆవిడ బొమ్మని నవ్వుల కార్డు మీద అచ్చేసింది. హాలండ్ డాక్టరు వొకాయన, ఇది హాస్యం కాదు, జబ్బు అని రాస్తే వెనక్కి తీసుకున్నారు.

1927లో టైమ్ పత్రిక, సర్కసు పక్కడేరాలో ఇలా ప్రదర్శనకి కూచున్న వో స్త్రీ గురించి వేళాకోళంగా రాసినప్పుడు దానికి ఎదురు చెప్పినవాడు ఆ కుషింగే. ఆవిడ వొకప్పుడు చక్కగా, ఆరోగ్యంగా వున్న మనిషేననీ, ఆక్రోమెగలీ వల్ల అలా అయిందనీ, జబ్బుతో వచ్చిన కష్టాన్ని పరిహాసం చెయ్యడం వొక వైద్యుడిగా తనకి నచ్చలేదనీ పత్రికకి వుత్తరం రాశాడు. మొహం వెనక జబ్బుని చూసినవాడికే ఆ వుత్తరం రాయడం చేతనవుతుంది.

సరే, జబ్బని తెలిసింది. గ్రంథి ఎక్కడుందో తెలిసింది. 1909లో కుషింగ్ అమెరికాలో వో రైతుకి పిట్యూటరీని కొంత తీసేస్తే అతనికి నెమ్మదించింది కూడా. తరవాత ఎక్స్‌రేలతో కంతిని మాడ్చడం వచ్చింది. ఇక్కడే అసలు చిక్కు మొదలయింది.

ఆపరేషనయ్యాక రోగి అడుగుతుంది, “డాక్టరు గారూ, నా జబ్బు తగ్గిందా?” ఏం చెప్పాలి? ఎముక వొకసారి పెరిగాక మళ్ళీ తగ్గదు. దవడ అలాగే వుంటుంది, నుదురు అలాగే వుంటుంది. జబ్బు చల్లారినా మొహం మారదు. లోపల నిప్పు మళ్ళీ రాజుకున్నా, మొహంలో తేడా కనబడటానికి ఏళ్ళు పడుతుంది. అంటే మొహం చెప్పేది నిన్నటి సంగతి. రోగికి కావల్సింది ఇవాళ్టి సంగతి. పొయ్యి వెలుగుతోందా ఆరిపోయిందా అని అడిగితే, మసిబారిన గోడ చూపించి ఏం లాభం?

డాక్టర్లు తిప్పలు పడ్డారు. వుంగరాల కొలతలు తీసుకున్నారు. నీళ్ళు నింపిన గిన్నెలో చెయ్యి ముంచి, ఎన్ని నీళ్ళు పైకి లేచాయో చూశారు. మడమ కింద మెత్తటి కండ మందం ఎక్స్‌రేలో కొలిచారు. నెత్తురులో భాస్వరం ఎంతుందో, చక్కెర ఎంతుందో చూశారు. చెమట పడుతోందా అని అడిగారు. ఇవన్నీ పొగని చూసి నిప్పుని వూహించడమే. నిప్పుని కొలిచే సాధనం మాత్రం లేదు.

లేకపోవడానికి కారణం వుంది. నెత్తురులో పెరుగుదల హార్మోను ఎంత వుంటుందో తెలుసా? వొక గ్రాముని నూరు కోట్ల భాగాలు చేస్తే అందులో వొక భాగం నానోగ్రాము. వొక మిల్లీలీటరు నెత్తురులో వుండేది అటువంటి నానోగ్రాములు ఏ కొన్నో. ఆడవాళ్ళ లెక్కలో చెప్పాలంటే, పదేసి వేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు అయిదువందలు తెప్పించి, అన్నిటికీ కలిపి వొక్క చెంచా పంచదార వేసి కలపండి. ఇప్పుడు నాలిక మీద వో చుక్క వేసుకుని తీపి ఎంతో చెప్పండి! పిట్యూటరీ తీసేసిన ఎలుకలకి సూదిమందుగా ఇచ్చి, కాలి ఎముక చివర మృదులాస్థి ఎంత పెరిగిందో కొలిచే పద్ధతి వొకటుండేది గానీ, అది గ్రంథి నుంచి తీసిన రసానికి సరిపోయేది. నెత్తురులోని ఈ చెంచా పంచదారకి చాలేది కాదు.

ఇప్పుడు ఆవిడ దగ్గరికి వచ్చాం.

1921లో న్యూయార్క్‌లో, పెద్దగా చదువుకోని తల్లిదండ్రులకి పుట్టింది రోజలిన్. భౌతికశాస్త్రం మీద మోజు. ఆడపిల్లకి, పైగా యూదుల పిల్లకి పై చదువులో చోటెవరిస్తారు? వో ప్రొఫెసరు దగ్గర సెక్రటరీగా చేరి షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటే, ఆ దారిన క్లాసుల్లో కూచోవచ్చని సలహా దొరికింది. ఇంతలో యుద్ధం రోజులు. మగపిల్లలు సైన్యానికి పోతుంటే సీట్లు ఖాళీ అయ్యాయి. 1941లో ఇల్లినాయ్ యూనివర్సిటీ పిలిచింది. షార్ట్‌హ్యాండ్ పుస్తకాలు చింపేసి రైలెక్కిందావిడ. అక్కడ ఆ శాఖలో నాలుగువందలమంది మగవాళ్ళ మధ్య వొకే వొక్క ఆడది. అక్కడే తోటి విద్యార్థి ఆరన్ యాలోని పెళ్ళాడి రోజలిన్ యాలో అయింది.

1947లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో మాజీ సైనికుల ఆస్పత్రిలో చేరింది. చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకునే గది ఖాళీ చేసి లాబొరేటరీ చేసుకుంది. 1950లో సాలమన్ బెర్సన్ అనే డాక్టరు వచ్చి కలిశాడు. ఆయనకి వైద్యం తెలుసు, ఆవిడకి రేడియో ధార్మికత తెలుసు. ఇద్దరూ ఇన్సులిన్‌కి రేడియో ధార్మిక అయొడిన్ తగిలించి, మనుషులకిచ్చి, అదెక్కడికి పోతోందో చూశారు. ఇన్సులిన్ వాడుతున్న రోగుల నెత్తురులో దాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారవుతున్నాయని తేలింది. అంత చిన్న పదార్థానికి యాంటీబాడీలు పుట్టవని అప్పటి పండితుల నమ్మకం. 1955లో వో పత్రిక వీళ్ళ వ్యాసాన్ని తిప్పికొట్టింది. చివరికి శీర్షికలో యాంటీబాడీ అనే మాట తీసేశాకే అచ్చయింది. ఆ తిరస్కరణ లేఖని ఆవిడ భద్రంగా దాచి, తరవాత నోబెల్ వుపన్యాసంలో లోకానికి చూపించింది! మన రచయిత్రులం “తిరుగు టపా”లు దాచుకునేది ఇందుకే కాబోలు.

ఆ యాంటీబాడీతోనే కొలత పుట్టింది. ఎలాగంటారా? పెళ్ళి పందిట్లో సరిగ్గా నూరు విస్తళ్ళు వేశారనుకోండి. మగపెళ్ళివారు నూరుమంది, అందరి చొక్కాలకీ గులాబీ పువ్వు. ఆడపెళ్ళివారు ఎందరొచ్చారో తెలీదు, వాళ్ళకి పువ్వుల్లేవు. అందరూ వొక్కసారే విస్తళ్ళ దగ్గరికి తోసుకున్నారు. ఇప్పుడు కూచున్నవాళ్ళలో పువ్వులు లెక్కపెట్టండి చాలు. ఎనభై పువ్వులుంటే ఆడపెళ్ళివారు ఏ పాతికమందో వచ్చారు. సగం పువ్వులుంటే వాళ్ళూ నూరుమందే. ఇరవై పువ్వులే కనిపిస్తే, అమ్మో, నాలుగువందలమంది దిగారన్నమాట! విస్తళ్ళు యాంటీబాడీలు. గులాబీ పువ్వు రేడియో ధార్మికత. పువ్వు లేనివాళ్ళు రోగి నెత్తురులో వున్న హార్మోను. కనబడనివాళ్ళని కనబడేవాళ్ళ ద్వారా లెక్కపెట్టడం. దీనికి రేడియో ఇమ్యునో ఆస్సే అని పేరు. 1959, 60ల్లో ఇన్సులిన్‌తో మొదలైంది. దానికి వాళ్ళు పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా వాడుకోవచ్చన్నారు.

1963లో అదే లాబొరేటరీలో గ్లిక్, రాత్ అనే కుర్ర డాక్టర్లతో కలిసి ఆ ఇద్దరూ మనిషి నెత్తురులోని పెరుగుదల హార్మోనుని ఇలాగే కొలిచారు. అంతకు ముందు ఏడు డాహడే బృందం కూడా ఈ దారినే కొలిచింది. పియేర్ మారీ పేరు పెట్టిన డెబ్బై ఏడేళ్ళకి నిప్పుని కొలిచే సాధనం చేతికొచ్చింది.

ఇక కథ సుఖాంతం అనుకునేరు! హార్మోను అంత తేలిగ్గా లొంగే రకం కాదు.

కొలవడం మొదలెట్టాక తెలిసింది, ఆరోగ్యంగా వున్న మనిషిలో కూడా ఈ హార్మోను నిలకడగా వుండదని. గాఢనిద్రలో ఎగస్తుంది. ఆకలేస్తే, వ్యాయామం చేస్తే, నెత్తురులో చక్కెర పడిపోతే ఎగస్తుంది. మిగతావేళల్లో దాదాపు లేనట్టే వుంటుంది. నెత్తురులోకి వచ్చిన ఇరవై నిమిషాలకే సగం మాయమవుతుంది. కెరటం మీద వున్నప్పుడు నెత్తురు తీస్తే ఆరోగ్యవంతురాలి అంకె రోగి అంకెలా కనబడుతుంది. కాబట్టి వూరికే వొకసారి చూసిన అంకె, వొకసారి చూసిన మొహంలాంటిదే. దాన్ని నమ్మి తీర్పు చెప్పకూడదు.

అప్పుడేం చేశారంటే, చూడటం మాని అడగడం మొదలెట్టారు. ఈ హార్మోను ఆకలివేళ పనిచేసేది గనక, కడుపులో చక్కెర పడగానే ఆరోగ్యవంతుల్లో అది అణిగిపోతుంది. అందుకని పరగడుపున వచ్చిన మనిషికి గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండుగంటలపాటు అరగంటకోసారి నెత్తురు తీసి చూస్తారు. ఇప్పుడు అందరూ వాడే కొలత 75 గ్రాములు. మామూలు మనిషిలో అంకె అడుగంటుతుంది. ఆక్రోమెగలీ వున్నవాళ్ళలో, కంతి ఎవరి మాటా వినదు గనక, అంకె దిగదు. కొందరిలో పైగా పెరుగుతుంది. ఎంత అన్నం పెట్టినా సణుగుడు ఆపని మనిషిలాగ!

ఎంతకి దిగితే జబ్బు చల్లారినట్టు? ఈ గీత చరిత్రే వో కథ. మొదటి రోజుల్లో ఆపరేషను తరవాత మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు, 5 నానోగ్రాముల లోపు వున్నా బాగుపడినట్టే లెక్క. తరవాత 2 అన్నారు. 2000లో అచ్చయిన నిపుణుల అంగీకార పత్రంలో గ్లూకోజు తరవాత 1 కన్నా తగ్గాలన్నారు. కొలిచే పరికరాలు ఇంకా సున్నితమయ్యాక 2010లో 0.4కి దించారు. జబ్బు మారలేదు, జల్లెడ సన్నబడింది. వెనకటి జల్లెడలో బాగుపడ్డారనిపించుకున్నవాళ్ళు కొందరు కొత్త జల్లెడలో మిగిలిపోయారు. నయం అనే మాట కూడా కాలాన్ని బట్టి అర్థం మారుతుందని చరిత్ర చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంతలో రెండో సాక్షి దొరికాడు. పెరుగుదల హార్మోను అన్ని పనులూ స్వయంగా చెయ్యదు. కాలేయానికి కబురు పంపితే, కాలేయం ఇంకో పదార్థాన్ని తయారుచేసి ఎముకలకీ కండకీ పంపుతుంది. దాని జాడ 1957లో సాల్మన్, డాహడే కనిపెట్టారు. 1972లో సొమాటోమెడిన్ అని పేరు పెట్టారు. 1978లో జ్యూరిక్‌లో దాని నిర్మాణం తేల్చారు. ఇప్పుడు దాన్ని ఐ.జి.ఎఫ్.-1 అంటున్నారు. దీని గుణం ఏమిటంటే, ప్రోటీన్లని పట్టుకుని నెత్తురులో నిలకడగా వుంటుంది. గంట గంటకీ గెంతదు. పెరుగుదల హార్మోను కూరగాయల బజారు ధరలాంటిదనుకోండి, పొద్దున వొకటి, సాయంత్రం వొకటి. ఐ.జి.ఎఫ్.-1 పచారీ కొట్టు పద్దులాంటిది. నెలంతా ఎంత ఖర్చయిందో వొక్క చూపులో తెలిసిపోతుంది.

1979లో అమెరికాలో క్లెమన్స్, వాన్ వైక్ బృందం 57 మంది ఆక్రోమెగలీ రోగుల్లో ఈ పదార్థాన్ని కొలిచింది. సగటున అది మామూలు వాళ్ళకన్నా సుమారు పది రెట్లుంది. పెరుగుదల హార్మోను అంకె అంత ఎక్కువగా లేని రోగుల్లో కూడా ఇది పైకే వుంది. ఇంకో వింత, మడమ కండ మందంతో ఇది జత కుదిరింది. పాతకాలపు డాక్టర్లు కొలుచుకుంటూ కూచున్న మడమలు ఆనాటికి నిజమే చెప్పాయన్నమాట. ఆ పొగకి సరిపడే నిప్పు ఇదీ అని ఇప్పుడు తేలింది.

ఈ సాక్షికీ కొన్ని బలహీనతలున్నాయి. యుక్తవయసులో అంకె సహజంగానే ఎక్కువ, వయసు మళ్ళేకొద్దీ తగ్గుతుంది. ఇరవయ్యేళ్ళ పిల్లకి మామూలైన అంకె అరవయ్యేళ్ళ ఆవిడకి జబ్బు గుర్తు కావచ్చు. కడుపుతో వున్నప్పుడు పెరుగుతుంది. తిండి లేకపోయినా, కాలేయం చెడినా, షుగరు అదుపు తప్పినా, ఈస్ట్రోజెన్ మాత్రలు మింగుతున్నా తగ్గుతుంది. వొక లాబొరేటరీ అంకెకీ ఇంకో లాబొరేటరీ అంకెకీ పొంతన కుదరకపోవచ్చు కూడా. అందుకే ప్రతిసారీ వొకేచోట కొలిపించుకోమంటారు. కొందరిలో రెండు అంకెలూ చెరో మాట చెబుతాయి. అప్పుడు డాక్టరు ఇద్దరు సాక్షులనీ, మధ్యలో మనిషినీ పెట్టుకుని ఆలోచించాలి. అంకెలు మామూలుకి వచ్చినా కీళ్ళనొప్పులు పోనివాళ్ళున్నారు. ఆ బాధ అంకెలో లేదు గనక అబద్ధం అనడానికి వీల్లేదు.

ఈ కొలతలు మందుల కథని కూడా నడిపించాయి. పెరుగుదల హార్మోనుని అణిచే సొమాటోస్టాటిన్‌ని 1973లో గిలెమిన్ లాబొరేటరీలో కనిపెట్టారు. దాని పోలికలో ఎక్కువసేపు పనిచేసే మందులు తరవాత వచ్చాయి. 1977లో వైద్యంలో నోబెల్ బహుమానం సగం రోజలిన్ యాలోకి, మిగతా సగం గిలెమిన్, షాలీలకి వచ్చింది. వాళ్ళిద్దరికీ మెదడు హార్మోన్ల మీద చేసిన పనికి. కొలత నేర్పిన చెయ్యి, ఆ అణిచే హార్మోనుని పట్టుకున్న చెయ్యి వొకే వేదిక మీద! వైద్యంలో ఆ బహుమానం పొందిన రెండో స్త్రీ ఆవిడ. బెర్సన్ మాత్రం 1972లోనే పోయాడు. పోయినవాళ్ళకి నోబెల్ ఇవ్వరు. తన లాబొరేటరీకి ఆయన పేరే పెట్టించుకుందావిడ, తను అచ్చువేసే ప్రతి వ్యాసం మీదా ఆ పేరు వుండాలని. 2011లో ఆవిడా పోయింది.

2003లో అమెరికాలో వాడకానికి వచ్చిన పెగ్విసొమాంట్ అనే మందు సంగతి ఇంకా తమాషా. అది హార్మోనుని తగ్గించదు, హార్మోను వెళ్ళి తలుపు తట్టే చోట అడ్డంగా నిలబడుతుంది. హార్మోను అంకె తగ్గకపోగా పెరుగుతుంది, జబ్బు మాత్రం అణుగుతుంది! మొదటి సాక్షి మాట అక్కడ చెల్లదు. రెండో సాక్షినే అడగాలి. ఏ అంకెని ఎప్పుడు నమ్మాలో తెలియడం కూడా కొలతలో భాగమే మరి.

ఇంత శ్రమా ఎందుకంటే, ఈ జబ్బుని అలాగే వదిలేస్తే గుండె, షుగరు మూలంగా ఆయువు తగ్గుతుంది. రెండు అంకెలనీ అదుపులోకి తెచ్చినవాళ్ళ ఆయుర్దాయం తక్కిన జనంతో దాదాపు సమానమవుతోందని తరవాతి పరిశోధనలు తేల్చాయి. అంటే అది కేవలం కాయితం మీద అంకె కాదు, పిల్లల పెళ్ళిళ్ళు చూసే అవకాశం.

నాకు తోచేది ఇంకొకటుంది. మేరీ ఆన్ బెవన్ పోయిన ముప్పై ఏళ్ళకి ఆ కొలత వచ్చింది. ఆవిడ మొహం చూసినవాళ్ళు వేలమంది. డబ్బులిచ్చి చూశారు, నవ్వారు, పోయారు. ఆవిడ నెత్తురులో ఏముందో తెలుసుకునే దారి ఆ వేలమందిలో వొక్కరికీ లేదు. ఇవాళ అదే జబ్బుతో ఆస్పత్రికి వచ్చిన స్త్రీ, ఆపరేషనయ్యాక అద్దంలో అదే దవడ, అదే నుదురు చూసుకుని కన్నీళ్ళు పెట్టుకుంటే, డాక్టరు కాయితం చూపించి చెప్పగలడు, “అమ్మా, అద్దంలో వున్నది పాత సంగతి. మీ జబ్బు అణిగింది.” అద్దం ఎప్పటికీ చెప్పలేని మాట అది.

జబ్బు మొదలైన తరవాత పేరు బయటపడటానికి ఇవాళ్టికీ అయిదు నుంచి పదేళ్ళు పడుతోందట, చాలామందిలో. కొలత సిద్ధంగా వుంది, కొలిపించుకోవాలన్న ఆలోచనే ఆలస్యంగా వస్తోంది. అందుకని ఇంట్లో ఎవరికైనా పెళ్ళినాటి వుంగరం వేలికి రాక, చెప్పుల నంబరు ఏడాదికోసారి పెరుగుతూ, గొంతు మారి, పళ్ళ మధ్య సందులు పడుతుంటే “వొళ్ళు చేశావే” అని వేళాకోళం చెయ్యకండి. బీరువాలోంచి పాత ఫోటో తీసి, వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వాళ్ళు నెత్తురు తీసి చూస్తారు. ఏమీ లేకపోతే మరీ మంచిది, దారిలో కంసాలి దగ్గర ఆగి వుంగరం వదులు చేయించుకు రావచ్చు.